తార్నాకలో ఊదారంగు మూతలు

మా ఊరివాళ్ళు ఎవరైనా హైదరాబాదు పోయొస్తే చార్మినారు చూశామంటారు, బిర్యానీ తిన్నామంటారు, కొన్న గాజులు తీసి చూపిస్తారు. నేను అవేవీ చూడలేదు. వెళ్ళినన్నాళ్ళూ తార్నాకలోనూ, దాన్ని ఆనుకుని ఉన్న యూనివర్సిటీ ఆవరణలోనూ ముసురులో తడుస్తూ తిరిగి, గుత్తికి వచ్చేశాను. చూడదగ్గ స్థలాల గురించి తెలుసుకోవాలనుకునేవాళ్ళు ఇక్కడే ఆపేస్తే మంచిది. నేను పోయింది ఒక మాట వినడానికి.

ఆ మాట ఏమిటో ముందే చెప్తాను. మా చెల్లెలి కూతురు మాధవి అక్కడ పీహెచ్‌డీ చేస్తోంది. ఇంటర్ చదివేటప్పుడు మా ఇంట్లోనే ఉండేది. మా ఆయనకు చక్కెర జబ్బు, కాలి మీద మానని పుండు. నేను టీచరుగా బడికి పోయిన రోజుల్లో దానికి కట్టు మార్చింది ఆ పిల్లే. అందుకే పెద్ద చదువుకు పోయినా పుండునే పట్టుకుంది. ఆయన్ని చివరి ఏడాది వైద్యానికి హైదరాబాదు తీసుకుపోయినప్పుడు, పుండులో ఊరే నీటిని కొంచెం తీశారు. అదే దాని పరిశోధనకు మొదటి నమూనా. మాంసాన్ని కరిగించే ఎంజైము ఒకటి ఆ నీటిలో ఉందనీ, అయితే ఏదో ప్రోటీను దాన్ని పట్టి ఆపుతోందనీ మాధవి కనిపెట్టింది. ఆయన పోయిన కొన్నాళ్ళకు ఫోన్ చేసి, “పెద్దమ్మా, పెదనాన్న ఒళ్ళు ఊరకే ఓడిపోలేదు. చివరిదాకా ఆపుతానే ఉండింది” అంది.

ఆ ఒక్క మాట పట్టుకుని నేను ఇన్నాళ్ళు నడిచాను. పరామర్శకు వచ్చినవాళ్ళందరికీ చెప్పాను, మా ఆడబిడ్డకైతే ఎన్నిసార్లు చెప్పానో. ఇప్పుడు మాధవి థీసిస్ ఇచ్చే ముందు పెద్దల ముందు నిలబడి తన పని అంతా చెప్పాలట. నేనూ వస్తానన్నాను. ఆ మాట నలుగురిలో, పెద్ద హాలులో, మైకులో వినాలని నా ఆశ.

కాచిగూడ, ఆటో, తడిసిన చీర

రైలు తెల్లారి కాచిగూడ చేరింది. బియ్యప్పిండితో చేసిన నిప్పట్ల డబ్బా ఒక చేత్తో, చెనిక్కాయల ఊరుబిండి పచ్చడి సీసా ఇంకో చేత్తో పట్టుకుని దిగేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది. బయట సన్నగా వాన. మా వైపు వాన పడితే ఆకాశం వైపు చూసి దండం పెడతాం. ఇక్కడ జనం దాన్ని తిట్టుకుంటూ పరుగెడుతున్నారు.

ఆటో అతను మీటరు వెయ్యలేదు. “మీటర్ గీటర్ ఏం లేదమ్మా. రెండొందలియ్యుండ్రి, సీదా తార్నాకల దించుత” అన్నాడు. నూటయాభైకి ఒప్పించాను. దారిలో ఏ ఊరని అడిగాడు, చెప్పాను. “గుత్తి అంటే గుత్తి వంకాయ, గదేనా?” అని పకపకా నవ్వాడు. పుట్టినప్పటి నుంచీ వింటున్న జోకు ఇది. ఒకప్పుడైతే నవ్వేదాన్ని. నేను ఊరుకునేసరికి అతనే తగ్గి, “ఏమనుకోకుండ్రి అమ్మా, ఊకనే అన్న” అన్నాడు. విద్యానగర్ దాటాక నీళ్ళ గుంటలో ఆటో ఒక్క ఊపు ఊగింది. నా చీర కుచ్చెళ్ళన్నీ బురద.

మాధవి హాస్టలు గేటు దగ్గర గొడుగు పట్టుకుని నిలబడి ఉంది. చిక్కిపోయింది. కళ్ళ కింద నల్లగా అయ్యింది. “ఏమిటికి పెద్దమ్మా ఇంత బరువు ఎత్తుకొచ్చినావు? ఇక్కడ అన్నీ దొరుకుతాయి కదా” అంది. నిప్పట్లు దొరుకుతాయా అని అడిగితే, లేదంది. మరి అదీ సంగతి.

హాస్టల్లో బయటివాళ్ళను ఉంచరు కాబట్టి తార్నాకలో ఒక గది చూసి పెట్టింది. కింద మెస్సు, పైన గదులు. మెస్సులో ప్లేటు భోజనం తొంభై రూపాయలు. పప్పు నీళ్ళలా ఉంది. మా దగ్గర పప్పులోకి ముద్ద పెడితే ముద్ద నిలబడాలి. అయితే మొక్కజొన్నతో చేసే వాళ్ళ మక్క గారెలు బాగున్నాయి, ఆ మాట ఒప్పుకోవాలి.

పొంగనాల పెనం

మధ్యాహ్నం దాని ల్యాబు చూశాను. పాత బిల్డింగు, పొడుగాటి వరండా, గోడలకు చెమ్మ. లోపలంతా ఏదో పులిసిన వాసన. వానకు నిప్పట్లు మెత్తబడతాయేమోనని, మూలన ఫ్రిజ్ కనిపిస్తే తలుపు తీసి డబ్బా అందులో పెట్టబోయాను. మాధవి పక్కన పనిచేసే శ్రావణ్ అనే పిల్లవాడు ఒక్క అంగలో వచ్చి నా చెయ్యి పట్టుకున్నాడు. నల్గొండ వైపు రైతు కుటుంబం వాళ్ళది.

“అయ్యో పెద్దమ్మా, గండ్ల పెట్టకుండ్రి. పుండ్ల నీళ్ళుంటయ్ గండ్ల. మీ డబ్బ మేం బయటనే ఖతం జేస్తం, ఇటియ్యుండ్రి.”

వరండాలో నిలబడి ఇద్దరూ తిన్నారు. శ్రావణ్ ఊరుబిండి కూడా నిప్పటి మీద రాసుకుని తిన్నాడు. కారానికి కళ్ళల్లో నీళ్ళు తిరుగుతున్నా ఇంకోటి అడిగాడు.

నేను ముప్ఫై ఏళ్ళు సోషల్ చెప్పినదాన్ని. సైన్సు నాకు రాదు. మాధవికి అది తెలుసు కాబట్టి నాకు అర్థమయ్యేట్టు చెప్పింది. పుండులో చచ్చిన మాంసాన్ని కత్తిరించి పారేయడానికి ఒంట్లో కొన్ని ఎంజైములు ఉంటాయి. అవి కత్తెరలు అనుకోమంది. కత్తెరకు మధ్యలో మేకు ఉన్నట్టు వాటికి జింకు ఉండాలి. జింకు లేకపోతే కత్తెర ఆడదు. చచ్చినదాన్ని కత్తిరించి ఊరుకుంటే పుండు మానుతుంది. చక్కెర జబ్బువాళ్ళలో అవి ఆగవు, కొత్తగా వచ్చే మాంసాన్ని కూడా కత్తిరిస్తూ పోతాయి.

“మరి ఆపేది?” అన్నాను, సమాధానం నాకు తెలిసినా.

“జింకును పట్టుకునే చిన్న ప్రోటీన్ ఒకటి ఉండాది పెద్దమ్మా. అది ఖాళీగా ఉంటే కత్తెరలో జింకు లాగేసుకుంటుంది. మీ అత్త బీరువా తాళాలు కొంగున ముడేసుకుని తిరిగేదంట కదా, అట్ల.”

మా అత్త సంగతి ఈ పిల్లకు నేనే చెప్పి ఉంటాను. ఆ తాళాల కోసం నేను పడిన పాట్లు వేరే కథ. కానీ ఆ రోజు మా అత్త మీద కూడా కొంచెం ప్రేమ పుట్టింది.

ఒక ప్లాస్టిక్ పళ్ళెం చూపించింది. అచ్చం పొంగనాల పెనంలా గుంటలు గుంటలుగా ఉంది, కాకపోతే గుంటలు వేలి గోరంత. ఒక్కో గుంటలో ఒక్కో రోగి నమూనా. ఎంజైము పనిచేస్తుంటే కంప్యూటరు మీద గీత పైకి పోతుంది. ఆగి ఉంటే గీత నేల మీద పడుకుంటుంది. పెదనాన్న గీత పడుకుని ఉందని చూపించింది. వేలితో ఆ గీతను నిమిరాను. ఇంకా కొందరివీ అలాగే పడుకుని ఉన్నాయి. వాటన్నిటి మీదే దాని థీసిస్, అప్పటికే అచ్చయిన ఒక పేపరూ ఆధారపడి ఉన్నాయి.

వారాసిగూడలో రాజమణి

మర్నాడు వారాసిగూడ పోదామని నేనే పట్టుబట్టాను. చివరి రోజుల్లో మా ఆయనకు కట్లు కట్టిన నర్సు రాజమణి అక్కడి చిన్న నర్సింగ్ హోములోనే ఉంది. మాధవికి నమూనాలు తీసిపెట్టేదీ ఆమే. ఊరి నుంచి తెచ్చిన నిప్పట్లు ఆమెకూ కొన్ని దాచి ఉంచాను.

వారాసిగూడ సందుల్లో రెండు బళ్ళు ఎదురుపడితే ఒకటి వెనక్కి పోవాలి. మెట్ల మీద చెప్పుల కుప్ప, పక్కనే ఉల్లిగడ్డల బండి. రాజమణి నన్ను గుర్తుపట్టింది. రెండు చేతులూ పట్టుకుంది.

“మీ సారు మస్తు మంచిగ మాట్లాడేటోడమ్మా. గంత పుండు పెట్టుకోని కూడ ‘ఏం కాదులే తల్లీ, కానియ్’ అంటుండె. గసుంటోళ్ళను చూడలే నేను.”

నాకు దుఃఖం వచ్చింది. ఆమె ముందు ఏడవడానికి సిగ్గు కూడా వెయ్యలేదు. ఆమె నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, మాట్లాడుతూనే తన పని చేసుకుంటోంది. బల్ల మీద ఒక ముసలాయన కాలు చాపుకుని పడుకుని ఉన్నాడు. ఆమె కట్టు విప్పి, సూది లేని సిరంజితో పుండులోని నీటిని నెమ్మదిగా పీల్చి, ఒక ట్యూబులో వదిలింది. ఆ ట్యూబుకు ఊదారంగు మూత.

మాధవి నా పక్కన నిలబడి ఉంది. ఆ మూతను చూసింది. “సిస్టర్, అదేంది? రెడ్ క్యాప్‌వి ఇచ్చినా కదా?” అంది.

“అవి ఖతమై ఎన్నొద్దులాయెనో మాధవీ. అయిపోయినప్పుడు మా పర్పుల్‌ల తీస్తం. తీసినంక నీ చిన్న సీసలల్ల పోసి, పేర్లు రాసి, ఐస్ల పెట్టి ఇస్తం గద. ఏం ఫికర్ లేదు.”

“ఎప్పటి నుంచి?”

“షురూ కెల్లి గంతే గదమ్మా. రెడ్ చేతికందితే రెడ్, లేకుంటే పర్పుల్. అన్ని కొత్తవే, సీల్ ఇప్పనివే. నువ్వు చదువుకునే పిల్లవు, ఉత్తగ తిరగద్దని సీసలల్ల పోసుడు కూడ మేమే జేస్తుంటిమి.”

పాపం, ఆమె ప్రేమగానే చేసింది. మాధవి “సరే సిస్టర్” అని, ఆ రోజు నమూనా తీసుకోకుండానే మెట్లు దిగింది. నిప్పట్ల పొట్లం రాజమణి చేతిలో పెట్టి నేనూ పరుగెత్తాను. మాధవి వానలో గొడుగు తెరవకుండా నడుస్తోంది.

“ఏమైందే అమ్మీ? ముందు ఆగు!”

ఆగింది. కిరాణా కొట్టు చూరు కింద నిలబడి చెప్పింది. ఊదా మూత ట్యూబుల్లో రక్తం గడ్డకట్టకుండా ఒక మందు పూసి ఉంటుంది. ఆ మందు పని లోహాలను పట్టుకోవడం. సున్నపు ధాతువైన కాల్షియాన్ని పట్టుకుంటుంది, జింకునూ పట్టుకుంటుంది. ఎంజైములు చూసే ఎవరూ ఆ ట్యూబు ముట్టుకోరు. అందుకే మొదట్లోనే ఎర్ర మూతల పెట్టె కొని ఇచ్చి, అందులోనే తియ్యమని చెప్పింది. చిన్న సీసాల్లోకి మార్చి ఇస్తుంటే, ఏ మూత నుంచి వచ్చిందో దానికి ఎలా తెలుస్తుంది?

“అయితే?” అన్నాను.

“అయితే ఆపింది ప్రోటీన్ కాదేమో పెద్దమ్మా. ట్యూబేమో.”

దాని చేతిలోంచి గొడుగు తీసుకుని తెరిచాను.

తార్నాక చాయ్ హోటలు

తార్నాక చౌరస్తా దగ్గర ఇరానీ చాయ్ హోటల్లో కూర్చున్నాం. చాయ్ ఇరవై రూపాయలు, రెండు ఉస్మానియా బిస్కెట్లు పది. మాధవి చాయ్ మీద తొరక కట్టేదాకా దాన్నే చూస్తూ కూర్చుంది. తలుపు దగ్గర కాలేజీ పిల్లలు ఎవరి పుట్టినరోజుకో కేకు కోసుకుంటూ అరుస్తున్నారు.

నేను చెప్పిన మాట దాచను. “ఎల్లుండి నువ్వు రాసుకున్నదే చెప్పెయ్. ట్యూబు సంగతి ఎవరికి తెలుసు? ముందు పట్టా చేతికి రానీ. ఆ తర్వాత నిదానంగా సరిచేసుకుందువు. ఎవరడుగుతారు చెప్పు?” అన్నాను.

“ఎవ్వరూ అడగరు పెద్దమ్మా.” చాయ్ కప్పు పక్కకు జరిపి, “అదే కదా భయం” అంది.

దాని చదువు కోసమే అలా అన్నానని నాకు నేనే చెప్పుకున్నాను. ఉత్తమాట. ఆ గీత పడుకుని ఉండాలి, అంతే నాకు కావలసింది. దానికోసం ఆ పిల్ల చేత అబద్ధమాడించడానికి కూడా సిద్ధపడ్డాను.

తేల్చుకోవడానికి దారి ఉందని మాధవే చెప్పింది. కాల్షియం బాగా ఎక్కువగా పోస్తే ఊదా మందు చేతులు నిండిపోతాయి, ఎంజైము మళ్ళీ లేస్తుంది. ప్రోటీను సంగతి అది కాదు. జింకును వదిలేసి కాల్షియం పట్టుకునే రకం కాదది. కాబట్టి కాల్షియం పోసినా గీత లేవకపోతే, ఆపింది ప్రోటీనే. అప్పుడు పని నిలబడుతుంది.

“పెదనాన్నది లేవదు. చూస్తూ ఉండు” అన్నాను. గుత్తిలో ఉండగా ఏ దేవుణ్ణీ ఇంత గట్టిగా అడగలేదు.

గీతలు

మర్నాడు పొద్దున్నే మొదలుపెట్టింది. నాకు ఒక తెల్ల కోటు తొడిగి, మూల స్టూలు మీద కూర్చోబెట్టారు. కోటు మోకాళ్ళ కిందికి వచ్చింది. శ్రావణ్ ఫ్రీజర్లోంచి సీసాలు తీసి మంచులో వరసగా గుచ్చాడు. అన్నీ చిటికెన వేలి చివరంత ఉన్నాయి. మొదటి సీసా మీద రాజమణి రాత, సిరా కొంచెం చెదిరింది. అందులో ఉన్నది మా ఆయన. ఆయన్ని కాల్చి బూడిద పెన్నలో కలిపి వచ్చిన తర్వాత కూడా, ఇంత చిన్న సీసాలో ఆయన మిగిలి ఉన్నాడని నాకు అప్పుడే తట్టింది.

మాధవి గుంట తర్వాత గుంట నింపి కాల్షియం పోసుకుంటూ పోయింది. శ్రావణ్ నా దగ్గరకొచ్చి, “అన్ని పర్పుల్‌వే అయ్యుండయ్ పెద్దమ్మా. కొన్నన్న నిలబడ్తయ్. పరేషాన్ గాకుండ్రి” అని చిన్నగా చెప్పాడు.

పళ్ళెం మిషనులోకి పోయింది. తెర మీద గీతలు మొదలయ్యాయి. అన్నీ పడుకునే ఉన్నాయి. ఇంతలో రెండో వరసలో ఒకటి లేచింది. దాని పక్కది లేచింది. ఆ తర్వాత ఎవరో పిలిచినట్టు ఒక్కొక్కటీ పైకి పోవడం మొదలెట్టాయి. మా ఆయనది ఇంకా లేవలేదు. “పెద్దమ్మా, ఫస్ట్‌ది ఇంక గట్లనే ఉన్నది!” అన్నాడు శ్రావణ్. నేను లేచి నిలబడ్డాను. మాధవి మాత్రం కుర్చీలో కదలకుండా, “ఉండు. ఇంకా ఉంది” అంది.

అదీ లేచింది. మొదట కొంచెం, చూసీచూడనట్టు. ఆ తర్వాత అన్నిటికంటే నిటారుగా పైకి పోయింది.

నాకు కోపం వచ్చింది. రాజమణి మీదా, ఆ మందు కనిపెట్టినవాళ్ళ మీదా, చివరికి మా ఆయన మీదా. ఇన్నాళ్ళు ఆపుతున్నావనుకున్నాను కదయ్యా, ఏం చేస్తూ కూర్చున్నావు అని గట్టిగా అడగాలనిపించింది. పడుకున్న గీతల్లో ఒక్కటి కూడా మిగలలేదు. మాధవి మిషను ఆపి, చేతి తొడుగులు విప్పి, సింకు దగ్గరకు పోయి చేతులు కడుక్కుంది. చాలాసేపు కడుక్కుంటూనే ఉంది. శ్రావణ్ పోయి కుళాయి కట్టేశాడు.

సాయంత్రం వాళ్ళ గైడు మేడమ్ గదికి పోయింది. నేను బయట బెంచీ మీద కూర్చున్నాను. తలుపు సగం తెరిచే ఉంది. మేడమ్ అరవలేదు. కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టి, “అచ్చయిన పేపర్ కూడా వెనక్కి తీసుకోవాల్సి వస్తది మాధవీ” అంది. అందులో ఆమె పేరూ ఉంది. “సెమినార్ వాయిదా వేద్దామా?”

“వద్దు మేడమ్. ఉన్నది చెప్తాను.”

“చెప్పు అయితే” అంది మేడమ్.

సమోసాలు

అక్కడొక ఆచారం ఉంది. సెమినారు చెప్పే విద్యార్థే వచ్చినవాళ్ళందరికీ సమోసాలు, చాయ్ పెట్టాలి. అది ముగింపు పండుగ లాంటిది. మాధవి వారం ముందే లాలాపేట్‌లో ఒక మిఠాయి కొట్టుకు చెప్పి పెట్టింది. సరుకు వేడివేడిగా అట్టపెట్టెల్లో వచ్చి, హాలు వెనక బల్ల మీద కూర్చుంది. వద్దని చెప్పడం ఎవరికీ గుర్తు రాలేదు.

హాలు నిండింది. నేను వెనక వరసలో కూర్చున్నాను. మాధవి నీలం చీర కట్టుకుంది. మొదటి బొమ్మ పడుకున్న గీతలది. “ఇది నేను ఇన్నేళ్ళు చూపించిన ఫలితం” అంది. తర్వాత ఊదా మూత ట్యూబు ఫోటో వేసింది. తర్వాత నిన్నటి గీతలు. “ఎంజైమును ఆపింది ప్రోటీన్ అనుకున్నాను. ఆపింది ట్యూబులో మందు. తప్పు నాది. సీసా మాత్రమే చూశాను. నమూనా ఎక్కడి నుంచి ఎట్లా వస్తోందో పోయి చూడలేదు.” రాజమణి పేరు గానీ, నర్సింగ్ హోము పేరు గానీ ఎత్తలేదు.

ముందు వరసలో తెల్ల మీసాల పెద్దాయన ఒకరు అడిగారు. “గివన్ని తీసేస్తే ఏం మిగుల్తదమ్మా?”

“మొదటి నుంచీ గీత లేచినవి, అంటే ఎర్ర మూతవి, కొన్ని మిగులుతాయి సార్. వాటిలో ఎంజైము బాగానే పనిచేస్తోంది. ప్రోటీన్ ఆపుతున్నట్టు ఒక్కదాంట్లో కూడా చూపించలేను.”

“అంటే నీ ప్రశ్నకు జవాబు లేదు.”

“లేదు సార్. ప్రశ్న ఒక్కటే మిగిలింది.”

ఆయన తల ఊపి కాగితం మీద ఏదో రాసుకున్నారు. మళ్ళీ నమూనాలు సేకరించి, మొత్తం తిరిగి చెయ్యాలని తేల్చారు. మాధవి ఫెలోషిప్ గడువు ఈ నెలతో సరి. హాస్టలు కూడా ఖాళీ చెయ్యాలి. మూలిగే నక్క మీద తాటిపండు పడ్డట్టయింది.

ఆ తర్వాత అందరూ వెనక బల్ల దగ్గరకు వచ్చి, తలలు దించుకుని సమోసాలు తిన్నారు. మా ఊళ్ళో దినం భోజనాల్లో కూడా ఇంతకంటే మాటలు వినిపిస్తాయి. ఒక అమ్మాయి మాధవి భుజం మీద చెయ్యి వేసి, “సమోసా బాగుంది అక్కా” అంది.

హాలు ఖాళీ అయ్యాక మెట్ల మీద కూర్చున్నాం. వాన వెలిసింది గానీ మబ్బు విడవలేదు. విద్యానగర్‌లో ఒక కోచింగ్ సెంటర్లో పొద్దున క్లాసులు చెప్పుకుంటూ మధ్యాహ్నాలు ల్యాబులో పనిచేస్తానంది. ఈసారి ప్రతి నమూనా తనే దగ్గరుండి తీయిస్తుందట. రాజమణికి ఎలా చెప్పాలా అన్నదే దాని దిగులు. బాధపడుతుందేమోనట.

అప్పుడు నా వైపు తిరిగి, “పెద్దమ్మా, నాకంటే నీకు ఎక్కువ పోయింది. నాకు తెలుసు. పెదనాన్న గురించి ఆ మాట నేను చెప్పకుండా ఉండాల్సింది” అంది. ఏడ్చింది. నేను దాన్ని దగ్గరకు తీసుకున్నాను. పోనీలే అనాలనుకున్నాను, కొంగుతో దాని కళ్ళు తుడిచాను.

గుత్తి

తిరుగు రైల్లో నిద్ర పట్టలేదు. పక్క సీటావిడ నంద్యాలలో పెళ్ళికి పోతోంది. పెళ్ళికొడుకు ఉద్యోగం గురించి కర్నూలు దాకా చెప్పింది. నేను ఊఁ కొట్టాను.

ఇంటికి చేరి స్నానం చేసి కూర్చున్నానో లేదో, మా ఆడబిడ్డ లక్ష్మీదేవి వచ్చింది. మా ఆయనకు ఒక్కగానొక్క చెల్లెలు. అన్న పోయినప్పటి నుంచీ నా మాటే తనకూ ఆసరా. గడపలో చెప్పులు విడుస్తూనే అడిగింది.

“వదినా, పాప చెప్పిందా అంతమందిలో? అన్న సంగతి?”

“చెప్పింది.”

“ఏమని చెప్పింది?”

ఆమె ముఖం చూశాను. బాగా చెప్పింది, అందరూ చప్పట్లు కొట్టారు అంటే చాలు. సంతోషంగా ఇంటికి పోయి రాత్రి అన్నం తింటుంది. గుత్తిలో కూర్చుని నేను ఏం చెప్పినా కాదనేవాళ్ళెవరు? ఆ పిల్ల హాలు నిండా జనం ముందు నిలబడి చెప్పిన మాట, నాకు ఒక్క మనిషి ముందు చెప్పడానికి భయమేసింది.

“ఇటొచ్చి కూర్చో” అన్నాను. కూర్చుంది. “మనం అనుకున్నట్టు కాదు లక్ష్మీ. ఆయన ఒంట్లో ఆ పుండును ఆపింది ఏదీ లేదు. మొదటి రోజు నుంచీ తింటానే ఉండింది. పరీక్షలో తప్పు జరిగింది, అందుకే ఆపుతున్నట్టు కనిపించింది. నా కళ్ళతో చూసొచ్చినా.”

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నన్ను తిడుతుందనుకున్నాను, కనీసం మాధవిని తిడుతుందనుకున్నాను.

“మరి అంత జరుగుతాంటే ఏం కాదులే, ఏం కాదులే అని ఎట్లంటాండె వదినా?” అంది. “ఒంట్లో ఆపేది ఏదీ లేకపోతే, అదంతా ఎట్ల ఓర్చుకున్యాడు?”

నాకు తెలియదన్నాను. ఆయనతో ముప్ఫై ఏళ్ళు కాపురం చేశాను. నిజంగానే నాకు తెలియదు.